ఆ చూపు నా వైపే

ముందు విషయం చెప్పేస్తాను. మా అక్క కూతురి ఫంక్షన్ వీడియోలో, కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల తలెత్తి నవ్వినప్పుడు చూసింది ఏ అబ్బాయినీ కాదు. నన్ను. కెమెరా వెనక నిలబడి, చెవి మీద ప్లాస్టిక్ బంతిపువ్వు పెట్టుకుని, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్న సొంత మేనమామను. ఆ నవ్వు పక్కన ఒక అబ్బాయి ముఖాన్ని తెచ్చి అతికించింది నేను. తర్వాత అడిగితే తెలియదన్నదీ నేనే.

ఆళ్లగడ్డలో చాలామంది ఆ వీడియో చూశారు. నంద్యాలలోనూ చూశారు. చూసినవాళ్లందరి దగ్గరా ఒక కథ ఉంది. ఆ కథ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. అది ఆ పిల్ల పెట్టిన షరతు.

నాకు ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు అన్నీ తీస్తాను. కానీ మా ప్రాంతంలో స్టూడియోవాడికి పేరు తెచ్చేవి ఆడపిల్లల ఫంక్షన్లు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుకను మేం ఉత్త ‘ఫంక్షన్’ అంటాం, ఇంకేం చెప్పనక్కర్లేదు. మా అమ్మ కాలంలో మేనమామ కొబ్బరి మట్టలతో చిన్న గుడిసె వేసేవాడట. నువ్వులూ బెల్లం దంచి పిల్లకు పెట్టేవాళ్లు. నలుగురు ఆడవాళ్లు చేరి హారతి ఇస్తే అయిపోయేది. ఇప్పుడు వీధి మొదట్లో పిల్ల బొమ్మతో ఫ్లెక్సీ కట్టాలి, స్టేజీ వేయాలి, ముందు రోజే ఔట్‌డోర్ తీయాలి. ఔట్‌డోర్ అంటే పిల్లకు లంగా ఓణీ కట్టించి మహానంది తోటలకో, ఊరి బయట శిల్పుల షెడ్ల దగ్గరికో తీసుకుపోయి, సినిమా పాటకు సరిపోయేలా నడిపించి, తిప్పి, నవ్వించి తీయడం.

ఈ పని నేను నంద్యాలలో వీడియో ముక్కలు కత్తిరించి అతికించే ఒక మిక్సింగ్ సెంటర్‌లో నేర్చుకున్నాను. నేర్పినాయన ఓపికగలవాడు. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: “పాట మూడున్నర నిమిషాలప్పా. అందులో పిల్ల సిగ్గుపడేది రెండు నిమిషాలన్నా ఉండల్ల. లేకుంటే ఇంటోళ్లు ఒప్పుకోరు.” ఆయన దగ్గర సిగ్గుకు షాట్లు ఉండేవి. తల దించి కాలి బొటనవేలితో నేల మీద గీయడం. రెండు చేతులతో ముఖం మూసుకుని వేళ్ల సందులోంచి చూడడం. మూడడుగులు వేసి వెనక్కి తిరగడం, తిరిగాక జడ ముందుకు వేసుకోవడం. బిందె నడుముకు పెట్టుకుని నడవడం. అన్నీ నేర్చుకుని ఆళ్లగడ్డకు వచ్చాను. వచ్చేటప్పుడు ఒక ఇత్తడి బిందె కొనుక్కొచ్చాను.

మా ఊళ్లో నీళ్లు మోసే ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లు మోసేది ప్లాస్టిక్ బిందెలు, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని, ట్యాంకరువాణ్ని తిట్టుకుంటూ. ఆ ముఖం తీయమని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ తీయలేదు.

కొన్నేళ్లకు నేను చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. పిల్లలు ఫోన్లలో చూసి నేర్చుకుని వచ్చేవాళ్లు. “అన్నా, ఇప్పుడు వెనక్కి తిరగల్నా?” అని వాళ్లే అడిగేవాళ్లు. పదమూడేళ్ల పిల్ల, తనను ఎవరో దూరం నుంచి చూస్తుంటే ఎలా కనిపిస్తుందో ముందే తెలుసుకుని, అలా నడిచి చూపించేది. అది నాకు అప్పట్లో తెలివితేటల్లాగా కనిపించేది. పని తొందరగా అయిపోతుందని సంతోషపడేవాణ్ణి.

మా అక్క కూతురికి ఇవేవీ రావు. ఆమె ఖోఖో ఆడేది. మోకాళ్ల మీద ఎప్పుడూ రెండు మూడు గాయాలు మానుతూ ఉండేవి. నవ్వితే చిగుళ్లు కనిపించేలా నవ్వేది. మా ప్రాంతంలో నవ్వడాన్ని నగడం అంటారు. “ఆడపిల్ల అట్ల నగగూడదు” అని మా అక్క రోజుకు నాలుగుసార్లయినా అనేది. ఆ పిల్ల దానికీ నగేది.

ఆ వేసవిలోనే ఆమెకు నంద్యాలలో ఒక ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతికి సీటొచ్చింది. హాస్టల్ అక్కడే. ఖోఖో జట్టు ఉంది, నేర్పడానికి ఒక మేడమ్ ఉంది. ఆ సీటు కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూసింది. సీటొచ్చిన పది రోజులకే పెద్దమనిషి అయింది. దాంతో మా బావ, అంటే ఆమె తండ్రి, మాట మార్చాడు. పెద్దమనిషైన పిల్లను హాస్టల్లో పెట్టేది లేదన్నాడు. మా బావ చెడ్డవాడు కాదు. పప్పుశనగ పండిస్తాడు, తన పనేదో తను చూసుకుంటాడు. కానీ నలుగురు ఏమంటారో అన్నది ఆయనకు వానలాగా ఎండలాగా నిజమైన విషయం.

ఫంక్షన్‌కు ముందు రోజు పొద్దున్నే ఔట్‌డోర్‌కు తీసుకుపోయాను. శిల్పుల షెడ్ల దగ్గర సగం చెక్కిన దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. మిషన్ల రొద, తెల్లటి రాతి పొడి. ఆ పిల్ల పట్టు ఓణీలో తుమ్ముతూ నిలబడింది. మోకాలి గాయం లంగా కింద దాక్కుంది గానీ మోచేతి గాయానికి మా అక్క పౌడరు అద్దింది.

“మ్మే, తల దించు” అన్నాను.

“దేనికి మామా?”

“సిగ్గుపడల్ల.”

“ఎవర్ని చూసి?”

“ఎవర్నీ లేదు. ఊరికే.”

“ఊరికే ఎట్ల పడతారు? పిచ్చోళ్ల మాదిరి!”

పక్కన నంది విగ్రహానికి మూపురం చెక్కుతున్న పెద్దాయన ఉలి ఆపి నవ్వాడు. “నా రాయన్నా మాట ఇంటాది గానీ, ఆ పిల్ల ఇనేట్టు లేదప్పా. ఇడ్చిపెట్టు.”

“చూడు, తాత గూడా చెప్తాండాడు” అంది.

నేను బతిమాలాను. కాసేపు ఆలోచించి ఆమె బేరం పెట్టింది.

“సరే, నువ్వు చెప్పినట్టల్లా చేస్తా. నాయనతో నంద్యాల మాట నువ్వు మాట్లాడల్ల. నీ మాటైతే ఇంటాడు.”

“మాట్లాడతా.”

“ఇంగోటి. ఇది ఇంట్లో చూసుకునేదానికే. ఫోన్లల్లో పెట్టగూడదు.”

“నా మీద నమ్మకం లేదా ఏంది?”

“ఉండబట్టే గదా అడుగుతాండా” అంది.

ఆ తర్వాత రెండు గంటలు నేను చెప్పినవన్నీ ఆ పిల్ల చేసింది. నేల గీసింది, ముఖం మూసుకుంది, బిందె ఎత్తుకుంది. ఒక్కటీ సరిగా రాలేదు. నడక ఖోఖో నడకలాగే ఉంది. నేను మాట నిలబెట్టుకుని ఆ సాయంత్రమే మా బావతో మాట్లాడాను. నంద్యాల ఎంత దూరమని, బస్సెక్కితే గంట అని, హాస్టల్లో అంతా ఆడవాళ్లేనని చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు. చివరికి, “నువ్వు చెప్తాండావని పంపిస్తాండా బామ్మర్దీ. నీ మాట మీద” అన్నాడు. లోపలి గదిలో ఏదో దబ్బున పడింది. ఆ పిల్ల మంచం మీద ఎగిరిందని మా అక్క తర్వాత చెప్పింది.

ఫంక్షన్ రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. మా చుట్టాలు తక్కువేం కాదు, అందరూ వచ్చారు. ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి, ఏదో ఒకటి చేతిలో పెట్టి, నా వైపు తిరిగి నిలబడతారు. మూడు గంటలు అలాగే సాగింది. ఆ పిల్ల తల బరువుతో వంగిపోయింది. పూలజడ లాగుతోందని కళ్లతోనే చెబుతోంది. నాకు జాలేసింది. స్టేజీ అలంకరణలోంచి ఒక ప్లాస్టిక్ బంతిపువ్వు పీకి చెవి మీద పెట్టుకుని, కెమెరా పక్కనుంచి నాలుక చాపాను. ఆమె తలెత్తింది. నన్ను చూసింది. నవ్వు పొంగుకొచ్చింది. వెంటనే పెదవి కొరుక్కుని, నవ్వును ఆపుకుని, తల దించుకుంది.

అది నా జీవితంలో తీసిన షాట్లన్నిటిలోకీ మంచిది. నేర్పితే వచ్చేది కాదు. రెండు రోజులుగా నేను అడుగుతున్న సిగ్గు లాగానే ఉంది, సిగ్గు మాత్రం కాదు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంది, అంతే.

ఇప్పుడు నా పని గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఈ వీడియోల్లో పిల్ల తలెత్తి చూసే షాట్ తర్వాత మేనబావ షాట్ పడుతుంది. అంటే మేనమామ కొడుకో, మేనత్త కొడుకో, వరసైన అబ్బాయి ఎవరైనా నవ్వుతున్న ముక్క. ఇల్లంతా కూర్చుని చూస్తున్నప్పుడు అక్కడ ఈలలు వేస్తారు, పిల్లను ఆటపట్టిస్తారు. అది ఎవరూ తప్పుగా అనుకోని సరదా. మా అక్క కూతురికి ఆ వయసు మేనబావ లేడు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే, చిన్నవాళ్లు. మా బావకు అక్కచెల్లెళ్లు లేరు.

మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు అక్కడ ఖాళీ వచ్చింది. పాటలో ఆ చోట వేణువు ఉంది. పిల్ల నవ్వి తల దించుకుంటుంది, తర్వాత ఏమీ లేదు. భోజనాల దగ్గర తీసిన ముక్కల్లో వెతికాను. ఒక అబ్బాయి విస్తరి ముందు కూర్చుని ఎవరి మాటకో తలెత్తి నవ్వుతున్న ముక్క కనిపించింది. అదే వీధి పిల్లవాడు, వాళ్లమ్మతో వచ్చాడు. ముఖం బాగుంది, వెలుతురు బాగా పడింది. తెచ్చి అతికించాను. రెండూ స్లో చేశాను. మధ్యలో గులాబీ రేకులు రాల్చాను. చూసుకుంటే ఒళ్లు పులకరించింది. నిజం చెబుతున్నాను, ఆ పిల్ల నా మేనకోడలని ఆ క్షణంలో గుర్తే లేదు.

అది అక్కడితో ఆగినా బాగుండేది. మా అక్కావాళ్లకు ఆల్బమ్, వీడియో ఇచ్చాను. ఇంట్లో అందరూ చూశారు. ఆ చోట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అంతమంది చుట్టాల మధ్య ఏదో ముఖం. పిల్ల మాత్రం “ఈ పిల్లోడెందుకొచ్చినాడు మామా నడుమ?” అని అడిగింది. “మిక్సింగ్‌లో అట్లనే వస్తాయిలే” అన్నాను. ఆమె ఊరుకుంది. జూన్‌లో నంద్యాల హాస్టల్‌కు వెళ్లిపోయింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్లింది.

ఆమె వెళ్లాక ఆ మూడున్నర నిమిషాల పాటను నెట్‌లో ఉన్న నా స్టూడియో ఛానెల్‌లో పెట్టాను. ఇంట్లో చూసుకునేదానికే అన్న మాట గుర్తుంది. గుర్తుండే పెట్టాను. నేను తీసినవాటిలో అదే గొప్పది, దాన్ని బీరువాలో దాచుకోవడం నా వల్ల కాలేదు. పేరు పెట్టలేదు కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పదిహేను రోజుల్లో దాన్ని చూసినవాళ్ల సంఖ్య నా మిగతా వీడియోలన్నీ కలిపినా దాటిపోయింది. కోయిలకుంట్ల నుంచి, కొలిమిగుండ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. “ఆ పిల్ల తలెత్తి చూస్తాది చూడు, అట్లాంటిది మా పాపకూ కావల్ల” అన్నారు. వరసగా ఏడు ఫంక్షన్లలో ఏడుగురు పిల్లలకు ఆ చూపు నేర్పాను.

ఎవరో ఆ నవ్వునూ ఆ అబ్బాయి ముఖాన్నీ మాత్రం కత్తిరించి, పైన ఏదో ప్రేమ మాట రాసి స్టేటస్‌లు పెట్టుకున్నారు. అక్కణ్నుంచి అది ఆళ్లగడ్డ గ్రూపుల్లోకి వచ్చింది. ఆ ఇద్దరూ అంతకుముందు ఏడాది ఒకే ట్యూషన్‌కు వెళ్లేవారని ఎవరికో గుర్తొచ్చింది. అంతే. అతను కూడా నంద్యాలలో చదువుతున్నాడని ఇంకెవరికో గుర్తొచ్చింది. పిల్ల నంద్యాల సీటు కోసం ఎందుకంత పట్టుబట్టిందో ఇప్పుడర్థమైంది అన్నారు.

మా బావ నంద్యాల వెళ్లి పిల్లను తీసుకొచ్చేశాడు. అప్పటికి ఆమె అక్కడ ఉండి ఆరు వారాలు. జట్టులోకి తీసుకున్నారట.

నాకు కబురు పెట్టారు. నేను వెళ్లేసరికి మా అక్క స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆ పిల్ల బడి యూనిఫాంలోనే గోడ పక్కన నిలబడింది. మా బావ ఫోన్ నా ముందు పెట్టాడు.

“బామ్మర్దీ, నువ్వే తీసినావు గదా. ఇది ఆ పిల్లోన్ని చూస్తాందా లేదా?”

నేను మాట్లాడకముందే ఆమె అంది. “నేను మామను చూసినా నాయనా! మామ చెవిలో పువ్వు పెట్టుకుని నాలిక చాపినాడు. నగొచ్చింది. మామనే అడుగు. చెప్పు మామా!”

మా బావ నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో కోపం లేదు. నేను అవునంటే చాలన్న ఆశ ఉంది. ఇప్పటికీ ఆ ముఖం నాకు స్పష్టంగా గుర్తుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట వెనక ఇంకా చాలా ఉన్నాయి. మరి ఆ అబ్బాయి పక్కన ఎలా వచ్చాడు? ఎవరు పెట్టారు? దీన్ని నెట్‌లో ఎక్కించిందెవరు? నా ఛానెల్‌లోంచే వచ్చిందని వాళ్లకు అప్పటికి తెలియదు. పిల్లే హాస్టల్లో ఎవరి ఫోన్‌తోనో పెట్టుకుందని అనుకుంటున్నారు.

“కెమెరాలో కన్ను పెట్టుకుని ఉంటా బావా” అన్నాను. “పిల్ల యాడ చూస్తాందో నాకెట్ల తెలుస్తాది?”

ఆ పిల్ల ఏడవలేదు. నన్ను చూస్తూ నిలబడింది. ఎవరో తెలియనివాణ్ని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది.

“అబద్దాలు గూడా నేర్చినావా?” అని మా అక్క లేచి ఆమె చెంప మీద కొట్టింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రమే ఛానెల్లోంచి వీడియో తీసేశాను. అప్పటికే అది నా చేతుల్లో లేదు.

ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. అతను చెడ్డవాడని కూడా నేను అనను. స్నేహితులు ఏడిపిస్తే అవుననలేదు, కాదనలేదు, నవ్వాడు. నంద్యాల బస్సు ఎక్కుతూనే ఉన్నాడు, చదువు పూర్తి చేసుకున్నాడు. ఆమె మాత్రం ఆళ్లగడ్డలోనే చదివింది. బడికి నాయన తీసుకుపోయి నాయన తీసుకొచ్చేవాడు. ఖోఖో లేదు. తల దించుకుని నడవడం ఆమెకు వచ్చేసింది. “ఇప్పుడు దారికొచ్చింది పిల్ల” అని మా పెద్దమ్మ మెచ్చుకుంది. శిల్పుల షెడ్ల దగ్గర నేను రెండు గంటలు బతిమాలినా రానిది, రెండేళ్లలో వచ్చింది.

ఇంటర్ అయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఆమె నా స్టూడియోకు వచ్చింది. ఐదేళ్లలో అదే మొదటిసారి. గోడ మీద ఫొటోల్లో వెనక్కి తిరిగి చూస్తున్న పిల్లలను ఒక్కొక్కరినీ చూసింది.

“నంద్యాలలో నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంటా మామా. నాయన వద్దంటాండాడు. మళ్లా అదే మాట. నువ్వొచ్చి చెప్పు.”

“ఏమని చెప్పమంటావ్?”

“ఏమనో నీకు తెలీదా?”

నేను కౌంటరు మీద లేని దుమ్మును తుడిచాను. “టైం చూసి చెప్తా” అన్నాను.

“సరే. ఈ నెలాఖరు దాకా టైం ఉంది, చూసుకో” అంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది: “నీ పిల్లలకు గూడా తీస్తావా మామా ఇట్లాంటివి?”

నెలాఖరు వచ్చి వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు. పాత గాయం ఎందుకు కెలకడం, ఆమెకు ఎలాగూ ఏదో ఒక దారి దొరుకుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ ఏడాది చివర్లో మా పెద్దపాప పెద్దమనిషి అయింది. మా ఆవిడ ముందే తెగేసి చెప్పింది, వీడియో లేదు, ఫ్లెక్సీ లేదు, ఇంట్లోనే నలుగురితో చేసుకుందామని. నేను ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పాలని అనిపించలేదు కూడా. ఊరందరి పిల్లలను తీసినవాణ్ణి, నా పిల్ల ముఖం మాత్రం బయట పడకూడదనుకున్నాను.

మా అక్క, బావ, మేనకోడలు వచ్చారు. ఆమె వంటింట్లో నువ్వులూ బెల్లం రోట్లో దంచుతోంది. నేను, మా బావ వరండాలో కూర్చున్నాం. వీడియో తీయడం లేదంటే ఆయన తలూపాడు.

“మంచిపని చేసినావు. మాకు జరిగింది చాల్లే. నేను నిన్నెప్పుడూ అనుకోలే బామ్మర్దీ, నువ్వు బాగనే తీసినావు. మా పిల్లే కండ్లు అదుపులో పెట్టుకోలేకపోయె.”

అంతసేపూ రోకలి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ మాటకు ఆగింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, ఓదార్పుగా. ఆ చెయ్యిని మాత్రం నేను భరించలేకపోయాను.

“నన్నే చూసింది బావా” అన్నాను. “పువ్వు పెట్టుకునింది నేనే. ఆ పిల్లోని ముఖం తెచ్చి అతికించిందీ నేనే. ఫోన్లో పెట్టిందీ నేనే.”

ఆయన చెయ్యి తీసేశాడు. చాలాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. “నువ్వు ఆ పొద్దు నా ముందర నిలబడి…” అని మొదలుపెట్టి ఆపేశాడు. “నేను నీ మాట నమ్మి పంపిస్తి. నీ మాట నమ్మే ఇండ్ల కూసోబెడితి. రెండూ నీ మాటే గదరా!”

మా అక్క లోపలినుంచి వచ్చింది. అంతా విన్నది. నన్ను తిట్టలేదు. “నా చేత దాన్ని కొట్టించినావు” అంది. అదొక్కటే. తెచ్చిన చీర పళ్లెం మా ఆవిడ చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా చెప్పులేసుకుంది. ఈ రోజు వరకూ మా అక్క నాతో మాట్లాడలేదు.

మేనకోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతులకు బెల్లం అంటుకుని ఉంది. నేను ఆమె దగ్గరికి వెళ్లి, అసలు వీడియో నా దగ్గర ఉందని, కత్తిరించకుండా మొత్తం నెట్‌లో పెడతానని, అందరికీ నిజం తెలుస్తుందని గబగబా చెప్పాను.

“మళ్లా నా ముఖమేనా?” అంది.

జేబులోంచి తీయబోయిన ఫోన్‌ను అక్కడే వదిలేశాను.

“నా ముఖం యాడా పెట్టొద్దు మామా. నోరుంది గదా నీకు. ఎవరెవరు చూసినారో నీకు తెలుసు. ఇంటింటికీ పోయి నోటితో చెప్పు. రాసుకుంటే రాసుకో, పేరు మాత్రం రాయొద్దు.”

“చెప్తే నన్ను క్షమిస్తావా?”

“నేను అట్ల అనలేదే!” అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

మొదలుపెట్టాను. ఆదివారాలు వెళ్తాను. మా వీధి, వాళ్ల వీధి, చుట్టాల ఇళ్లు. వెళ్లి, కూర్చుని, చెప్పడం. అనుకున్నంత సులభంగా లేదు. కొందరికి వీడియోనే గుర్తులేదు, ఆ పిల్ల చెడ్డపేరు మాత్రం గుర్తుంది. కొందరు కాఫీ ఇచ్చి, “ఎప్పటి మాటప్పా అది, ఇప్పుడెందుకు?” అన్నారు. ఒకాయన, “మేనమామవు గదా, కప్పిపుచ్చుకుంటాండావు” అన్నాడు. అప్పుడు చెప్పిన అబద్ధాన్ని అందరూ ఒక్క రోజులో నమ్మారు. ఈ నిజాన్ని ఒక్కొక్క ఇంట్లో గంట కూర్చుని చెప్పినా సగం నమ్ముతారు.

పోయిన ఆదివారం ఆ అబ్బాయి ఇంటి పక్క ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దామె మా అమ్మకు స్నేహితురాలు. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను అంతా చెప్పాను. ఆమె చేతులు ఆపలేదు.

“అది మిక్సింగ్ అని మాకు తెలీదా నాయనా? ఆ పిల్లోడు బువ్వ తింటాండె, ఆ పిల్ల స్టేజీ మీద కూసోని ఉండె. బువ్వల పందిరి యాడ, స్టేజీ యాడ! నేనూ ఆడనే ఉంటి గదా.”

“మరి అప్పుడు చెప్పలేదేం పెద్దమ్మా?”

“నన్నెవరు అడిగినారు?” అంది. ఒక రాయి ఏరి అవతలికి విసిరింది. “అయినా చూసేదానికి బాగుండె. ఇద్దరూ సినిమాలో మాదిరి ఉండిరి.”

అక్కణ్నుంచి నేరుగా మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. అక్క లోపలికి వెళ్లిపోయింది. మేనకోడలు వరండాలో నర్సింగ్ దరఖాస్తు నింపుతోంది. ఈ ఏడు మా బావ సంతకం పెట్టాడు. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. పెద్దామె అన్న మాట చెప్పాను. ఇంతకాలం నేనొక్కణ్ణే తెలిసి దాచాననుకున్నాను.

ఆమె కలం ఆపలేదు.

“నాకు తెలుసు మామా. నన్ను నంద్యాల నుంచి తీసుకొచ్చిన మర్నాడే ఆ అవ్వ దగ్గరికి పోయినా. నువ్వు చూసినావు గదా, మా నాయనకు చెప్పు అవ్వా అంటి. అప్పుడు గూడా ఇదే అనింది. బాగుందిలే పాపా, ఏడవొద్దు అనింది.”

పదమూడేళ్ల పిల్ల, ఒక్కతే ఆ వీధి దాటి ఆ గుమ్మం ముందు నిలబడి అడిగింది. ఇంకెన్ని గుమ్మాల ముందు అడిగిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

దరఖాస్తులో ఏదో గడి నింపి, ఆమె తలెత్తకుండానే అడిగింది.

“ఇంగా ఎన్నిండ్లు ఉండాయి?”

“పదకొండు.”

“పో మరి” అంది.